దేవుడి వాటా ఎటు వేయాలి

మా భజన గదిలో ఏది పంచినా ముందు స్వామి పాలు తీసి పక్కన పెడతాం. పులిహోర కలిపితే మొదటి గరిటె, అరటిపళ్ళు తెస్తే మొదటి పండు, ఎవరింట్లోనైనా పిల్లలకు పని దొరికితే మొదటి జీతంలోంచి ఎంతో కొంత. సూరత్ డిండోలిలో ఆ గది అద్దెది. కింద సైకిళ్ళు బాగుచేసే దుకాణం, పైన మేము. శనివారం సాయంత్రం తాళాలు మొదలైతే కింద దుకాణం వాడు కూడా గాలి కొట్టడం ఆపి కాసేపు వింటాడు. నేను అక్కడ పురాణం చదువుతాను. బడిలో నేర్చుకున్నది మరిచిపోయాను గాని సత్సంగంలో పెద్దలు నోటికి పట్టించినది ఒక్క అక్షరం పోలేదు. పగలు రింగ్ రోడ్డు మార్కెట్‌లో చీరలు మడతపెట్టే పని. చేతులు మడతల మీద, నోరు నామం మీద. నా బతుకు ఇంతే, ఇందులో నాకు ఏ తికమకా లేదు.

తికమక వచ్చింది స్వామికి తీసిన ఒక పాలు వల్ల. అది ప్రసాదం కాదు, కంపెనీలో వాటా.

మావి తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలు. ఒకప్పుడు ఎవరి సాంచాలు వాళ్ళు ఇరుకు గదుల్లో నడుపుకునేవాళ్ళు. సాంచా అంటే మరమగ్గం. మా వైపూ అదే మాట, సూరత్‌లోనూ అదే మాట. అద్దెలు పెరిగి, కరెంటు బిల్లులు పెరిగి, విడివిడిగా నలిగిపోతున్నామని పెద్దలు అన్నింటినీ ఉధనా వైపు ఒక షెడ్డు కిందికి తెచ్చి కంపెనీ పెట్టారు. ఎన్ని సాంచాలు తెస్తే దానికి తగ్గ వాటాలు. వాటాలు రాసే రోజున ఒక పెద్దాయన అన్నాడు, "ముందు స్వామి పాలు తియ్యండి. నడుమ దేవుడుంటే పంచాయితీలు రావు." ప్రతి ఇల్లూ తన వాటాలోంచి కొంత విడిచింది. అలా దేవుడి వాటా తయారైంది.

లెక్కలు చూసే గుజరాతీ అకౌంటెంట్ తల గోక్కున్నాడు. కంపెనీ రిజిస్టర్‌లో దేవుడి పేరు ఎక్కదట. దేవుడి తరఫున ఫలానావాడు అని రాయడం కూడా కుదరదట. ఒక మనిషి పేరు చెప్పండి అన్నాడు. అందరూ నావైపు చూశారు. పురాణం చదివేవాణ్ణి కదా.

నేను సంతోషంగా సంతకం చేశాను. ఆ వాటా మీద వచ్చే లాభం గది అద్దెకు, నూనెకు, ఉత్సవాల్లో అన్నదానానికి వెళ్ళేది. ప్రతి వాటాకూ ఓటు ఉంటుందని మాలో ఎవరికీ తట్టలేదు. హుండీలో వేసిన నాణెం రేపు లేచి మాట్లాడుతుందని ఎవరనుకుంటారు? పైగా మా కంపెనీ మీటింగులు అదే గదిలో, హారతి అయ్యాక జరిగేవి. డైరెక్టరు నిలబడి ఈ ఏడు లాభం ఇంత, ఫలానా సాంచాకు కొత్త మోటారు వేశాం అని చదివేవాడు. మేం "గోవిందా" అనేవాళ్ళం. అకౌంటెంట్ దాన్నే "అందరూ ఒప్పుకున్నారు" అని రాసుకునేవాడు. అలా చాలా ఏళ్ళు నడిచింది.

మెల్లగా మనుషులు జారిపోయారు. ఒకరు ఆరోగ్యం చెడి ఊరికి పోయారు, ఒకరి కొడుకులు నేత వద్దన్నారు. వెళ్ళేవాళ్ళు వాటా అమ్ముకోవాలంటే కొనేవాడు కావాలి. ఇది పేపర్లో ధర వచ్చే కంపెనీ కాదు. కొన్నది ఒక్కడే, సలాబత్‌పురా సేఠ్. మాకు దారం ఇచ్చేది ఆయనే, నేసిన గుడ్డ కొనేది ఆయనే. అమ్మకానికి డైరెక్టర్లు ఒప్పుకోవాలన్న షరతు ఉంది గాని, దారం ఇచ్చేవాణ్ణి కాదనే ధైర్యం ఎవరికి? ఒక్కో ఇంటి వాటా ఆయన చేతికి చేరింది.

పోయినేడు మా డైరెక్టర్లలో పెద్దాయన కాలం చేశాడు. మిగిలిన ఇద్దరిలో ఒకరు సేఠ్ మాట కాదనరు, ఒకరు షెడ్డులో పనిచేసేవాళ్ళ మాట కాదనరు. ఖాళీ కుర్చీలో ఎవరు కూర్చుంటే కంపెనీ వాళ్ళదే. సేఠ్ స్వయంగా నిలబడ్డాడు. పాత సాంచాలు పాత ఇనుముకు అమ్మేసి నీళ్ళతో నడిచే వాటర్‌జెట్ మగ్గాలు తెస్తానన్నాడు. ఒక్క మనిషే మగ్గాల వరసంతా చూసుకుంటాడు, గుడ్డ ఎక్కువ వస్తుంది, లాభం ఏటేటా పంచుతాను అన్నాడు. ఆయనకు ఎదురుగా నిలబడింది మా బావ.

బావ అంటే మా అక్క భర్త. ఆ షెడ్డులో సాంచాలు బాగుచేసే మాస్టర్. కుర్రతనం నుంచీ ఆ చప్పుడులోనే ఉండి చెవులు పోయాయి. ఆయన రహస్యం చెప్పినా వీధి చివరిదాకా వినిపిస్తుంది. వాటర్‌జెట్ వస్తే పాత సాంచాల మాస్టర్‌తో పని ఏముంది? యాభై దాటిన చెవిటివాణ్ణి ఎవరు పెట్టుకుంటారు? అక్క అదే షెడ్డులో బాబిన్లకు దారం చుడుతుంది. ఆమె పనీ పోతుంది. ఆ ఇంట్లో జీతమూ అక్కడిదే, వాటా కూడా అక్కడిదే. పోతే రెండూ ఒకేసారి పోతాయి.

నా సొంత వాటా బావకే అని మొదటి రోజే చెప్పేశాను. అందులో ఆలోచించడానికి ఏమీ లేదు. దేవుడి వాటా సంగతి అప్పటికి నాకు గుర్తే లేదు.

గుర్తు చేసింది మా బిడ్డ. సూరత్‌లో పుట్టి పెరిగింది, కామర్స్ చదువుతోంది. ఇంట్లో తెలుగు, సందులో హిందీ, కాలేజీలో గుజరాతీ. ఒక సాయంత్రం ఎవరి దగ్గర ఎన్ని వాటాలున్నాయో ఫోనులో కూడుతూ నవ్వింది.

"బాపూ, తెలుసా? నీ చేతిలున్న దేవుని వాటా తీసి పక్కన పెడితే సేఠ్ గెలుస్తడు, కొంచెంతోనే. అది మామకు వేస్తే మామ గెలుస్తడు. ఫైసలా నీదే."

"నాది కాదు బిడ్డా, స్వామిది."

"ఓటు వేసేది స్వామి వస్తడా? ఆటోల తీసుకొస్తవా?"

నేను కోప్పడ్డాను. దేవుడి మీద జోకులేంది అన్నాను. కాసేపటికి నేనే మళ్ళీ అడిగాను. "అయితే అసలు ఏది మంచిది? కంపెనీకి ఏది మంచిదో అదే స్వామికీ మంచిది. అది చెప్పు."

బిడ్డ ఫోను పక్కన పెట్టింది. "అదే చిక్కు, బాపూ. మా మేడమ్ ఏం చెప్తదంటే, బజార్ల ప్రతి భయానికి బీమా దొరికే రోజైతే వాటాదార్లు కొట్లాడుకోరు. కంపెనీ విలువ పెరగాలె అని అందరిదీ ఒక్కటే మాట. ఎవరి భయం వాళ్ళు బయట అమ్ముకుంటరు కదా. ఇప్పుడు మామకు పని పోతదన్న భయముంది. దానికి బీమా ఎక్కడన్న దొరుకుతదా?"

"ఏడ దొరుకుతది?"

"దొరకదు. అందుకే మామకు ఓటు కావాలె. ఓటే ఆయన బీమా."

"మరి సేఠ్ దిక్కున్న బార్డోలి కాకాది?"

"కాకాకు పైసలు ఇప్పుడు కావాలె. వాటా అమ్ముదామంటే కొనేటోడు ఒక్కడే, చెప్పిందే ధర. ఆయనకు కూడ ఓటే బీమా."

"అంటే ఇద్దరిదీ కరెక్టేనా?"

"ఇద్దరిదీ కరెక్టే. ఇంకో నలుగుర్ని అడుగు, వాళ్ళదీ కరెక్టే."

నేను చదివిన వాటిలో ధర్మం ఒకవైపు, అధర్మం ఒకవైపు ఉంటాయి. రెండువైపులా తమవాళ్ళే నిలబడ్డప్పుడు కూడా చివరికి ఏది ఏదో తెలుస్తుంది. ఇక్కడ ఎంతసేపు చూసినా నాకు తెలియలేదు. ఆ రోజు జపం చేస్తూ పూసల లెక్క తప్పి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను.

బార్డోలి కాకా అని బిడ్డ పిలిచే మనిషి నా దోస్తు. మా భజనలో మద్దెల ఆయనదే. ఒకప్పుడు షెడ్డులో సాంచా నడిపాడు. నడుము పట్టేసి మానుకున్నాక సూరత్‌కు దగ్గర్లోని బార్డోలిలో బస్టాండు దగ్గర భార్యతో కలిసి టిఫిన్ దుకాణం పెట్టుకున్నాడు. చెరకు ఫ్యాక్టరీకి పోయేవాళ్ళు, బస్సు దిగేవాళ్ళు వాళ్ళ ఇడ్లీ కోసం నిలబడతారు. ఆ దుకాణం గదిని ఓనరు అమ్మకానికి పెట్టాడు. కొంటే నీకే ఇస్తా, లేకపోతే ఖాళీ చెయ్యి అన్నాడు. మా దోస్తుకు ఉన్నదల్లా షెడ్డులో వాటా. లాభాలు రావడం తగ్గిపోయి చాలా కాలమైంది. వచ్చేదంతా పాత సాంచాల రిపేర్లు మింగుతున్నాయి. సేఠ్ వస్తే లాభం పంచుతాడు, లేదా వాటా కొంటాడు, ఎటైనా దుకాణం నిలబడుతుందని ఆయన లెక్క.

శనివారం బస్సు దిగి వచ్చాడు. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టాడు.

"ఏమయ్యా, భగవంతుని ఏజెంటూ! మీ బాస్ ఏమంటున్నడు?"

"జర మెల్లగ మాట్లాడు. దీపం పెట్టినం."

"దీపం పెట్టినవు కాబట్టే అడుగుతున్న. ఆ వాటాల నా ఇంటి పాలు కూడ ఉన్నది, మర్చిపోకు. మీ బావకు నేను గిట్ల ఇచ్చిన్నా? దేవునికిచ్చిన."

బిడ్డ ఆ తరువాత చెప్పిన ఇంకో మాట నేను అన్నాను. "సేఠ్‌కు కుర్చీ దొరికినంక నీ వాటా ఎందుకు కొంటడు? అప్పుడు నీ కాగితంతో ఆయనకు పనేముంది?"

ఆయన మద్దెలకు కట్టు బిగిస్తూ నవ్వాడు. "ఆ సంగతి నాకు తెల్వదా? కొనకుంటే లాభమన్న ఇస్తడు. మీ బావ గెలిస్తే రెండూ లేవు. నట్లు, బోల్టులు ఇస్తడా నాకు?"

నేను పుస్తకం తెరిచాను. ఆ రోజు మద్దెల బాగా పలికింది, నా చదువే తడబడింది. ఏళ్ళ తరబడి విని తెలుగు పట్టుబడిన కింద దుకాణం వాడు మరుసటి రోజు అడిగాడు, "నిన్న ఒకే పేజీ రెండుసార్లు చదివారేంటి?"

తరువాతి వారం సేఠ్ వచ్చాడు. గంప నిండా బంతిపూలు తెచ్చి, బూట్లు మెట్ల దగ్గర విప్పి, భజన అయ్యేదాకా నేల మీదే కూర్చున్నాడు. భక్తి నటన కాదు. హారతి పళ్ళెం దగ్గర ఆయన కళ్ళు తడిసినట్లు నేను చూశాను. అందరూ వెళ్ళాక నా పక్కకు జరిగాడు. ఆయన గుజరాతీ కలిసిన హిందీలో మాట్లాడతాడు, నేను మార్కెట్ హిందీలో.

"భగత్‌జీ, దేవుడి వాటా నాకు అమ్మండి. మిగతావాళ్ళకు ఇచ్చిన దానికంటే ఎంతో ఎక్కువ ఇస్తాను. అద్దె గదిలో భజన ఎన్నాళ్ళు? సొంత హాలు కట్టుకోండి. పాలరాయి నేను వేయిస్తాను."

నాకు నిజంగా అర్థం కాక అడిగాను. "కాగితం అందరిదీ ఒకటే కదా సేఠ్‌జీ. దీనికెందుకు ఎక్కువ?"

"నేను కాగితం కొనడం లేదు. కుర్చీ కొంటున్నాను. ఎన్నిక అయ్యాక ఇదే తెస్తే మామూలు ధరే." దాచకుండా చెప్పాడు. ఆ మాటకు నాకు ఆయన మీద గౌరవమే కలిగింది. "ఇంకో మాట. ఆ పాత సాంచాలు ఎన్నాళ్ళు నడుస్తాయి? షెడ్డు మూతపడితే మీ బావ పనీ పోతుంది, నా డబ్బూ పోతుంది. నేను వస్తే సగంమంది అయినా మిగులుతారు."

సొంత హాలు. మా పెద్దలు ఎన్నో ఏళ్ళు కలగన్నది. స్వామికి శాశ్వతంగా ఒక గూడు. దానికోసం స్వామి ఓటునే అమ్మడం సేవ అవుతుందా, స్వామినే అమ్మడం అవుతుందా? ఆలోచించుకుంటాను అన్నాను. ఆయన నా చేతిలో బంతిపువ్వు పెట్టి వెళ్ళాడు.

అక్కకు ఈ సంగతి చెబితే ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఊళ్ళ అయితే గింత గోల ఉండకపోతుండె. స్వామికి పూలు పెట్టి అడుగుదురు. ఏది ముందు రాలితే అదే మాట."

అందరూ ఒప్పుకున్నారు. విగ్రహం కుడి భుజం మీద ఎర్ర పువ్వు బావకు, ఎడమ భుజం మీద తెల్ల పువ్వు సేఠ్‌కు. అక్కడే మొదటి గొడవ. మా దోస్తు మద్దెల పక్కనుంచి లేచాడు.

"ఎర్ర మందారం బరువుంటది. ముందు పడేది అదే. గిదేం న్యాయం?"

"అయితే నువ్వే ఎర్రది తీస్కో!" బావ అరిచినట్టే అన్నాడు, మామూలుగానే.

"నాకొద్దు. కుడి భుజం ఎందుకిచ్చిండ్రు మీకు? ఎడమది మాకెందుకు?"

"దేవునికి కుడి ఎడమలేందిరా?"

చివరికి రెండూ ఒకే రకం పువ్వులు, రంగులు మాత్రం వేరు, తెచ్చి పెట్టాం. భజన మొదలైంది. నేను కళ్ళు మూసుకోలేకపోయాను. ఎవరూ మూసుకోలేదు. ఇన్నేళ్ళలో స్వామి మొహం వైపు మేం అంత శ్రద్ధగా చూసింది ఆ రోజే, అది కూడా భుజాల కోసం. పాట మీద పాట అయిపోయింది. పువ్వు కదలలేదు. ఇంతలో సచిన్ ఊరి వైపు మిల్లులో పనిచేసే ఒకాయన ఆలస్యంగా, చెమటలు కక్కుతూ లోపలికొచ్చి, అలవాటు కొద్దీ ఫ్యాను స్విచ్ నొక్కాడు. రెండు పువ్వులూ ఒకేసారి లేచాయి. ఎర్రది హార్మోనియం వెనక్కి పోయింది. తెల్లది వచ్చి అక్క ఒడిలో పడింది.

 మా దోస్తు వెంటనే అన్నాడు, "తెల్లది సేఠ్‌దే. స్వామి చెప్పిండు."

"పడ్డది ఎవరి ఒడిల?" అక్క కొంగులో పువ్వు గట్టిగా మూసేసింది. "నా ఒడిల. అంటే మాకే."

ఫ్యాను వేసినాయన గుమ్మంలోనే నిలబడి, "ఏందయ్యా, ఫ్యాన్ బంద్ చెయ్యాల్నా?" అన్నాడు. ముందు నవ్వింది బావ, మాట వినబడక, అందరి మొహాలూ చూసి. తరువాత అందరం నవ్వాం. ఇంటికి నడుస్తుంటే నాకు నవ్వు పోయింది. పువ్వు సేఠ్ వైపుది, ఒడి బావ వైపుది. స్వామి చెప్పలేదా, చెప్పినా నాకు తెలియలేదా? నాకు ఇప్పటికీ తెలియదు.

మీటింగు షెడ్డులోనే పెట్టారు, సాంచాలు ఆపేసే సెలవు రోజున. ఆ షెడ్డు నిశ్శబ్దంగా ఉండగా నేను అంతకుముందు చూడలేదు. రేకుల కింద పావురాలు ఉన్నాయని ఆ రోజే తెలిసింది. సేఠ్‌కు కుర్చీ వేశారు, మాకు చాపలు. అకౌంటెంట్ లేచి, ఎవరికి ఎవరు కావాలో చేతులెత్తండి అన్నాడు. బావకు అడవిలా లేచాయి చేతులు. షెడ్డులో పనిచేసే ప్రతి వాటాదారూ ఎత్తాడు. సేఠ్ వైపు నాలుగైదు. అక్క సంతోషం ఆపుకోలేక చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సేఠ్ కూర్చునే అన్నాడు, "చేతులు కాదు. వాటాల లెక్క తీయండి."

భజనలో మనిషికి ఒక గొంతు. కోటీశ్వరుడైనా కూలివాడైనా ఒకటే. కంపెనీలో అలా కాదని మాకు మొదటిసారి కళ్ళముందు కనిపించింది. అకౌంటెంట్ చీటీలు పంచాడు. అందరూ రాసి ఇచ్చారు. నా వాటా చీటీ మీద బావ పేరు రాసి ఇచ్చాను. రెండో చీటీ చేతిలో మిగిలింది. ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు కాబట్టి అందరూ నన్నే చూస్తున్నారు.

నేను అకౌంటెంట్ దగ్గరికి వెళ్ళి మెల్లగా అడిగాను. "ఇది ఎటూ వేయకపోతే?"

"సేఠ్ గెలుస్తారు."

"సగం అటు, సగం ఇటు వేస్తే?"

"వేయొచ్చు. చట్టం వద్దనదు. అప్పుడూ సేఠే."

"దేవుడు ఎటూ కాకుండా ఉండే దారి లేదా?"

ఆయన మంచివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "రిజిస్టర్‌లో దేవుడు లేడు భాయ్. మీరే ఉన్నారు."

అప్పుడు బావ లేచి వచ్చాడు. నా భుజం మీద చెయ్యి వేసి, సాంచాల మధ్యకు తీసుకెళ్ళి, నా చెవి దగ్గరికి వంగి, తను గుసగుస అనుకున్న గొంతుతో చెప్పాడు. షెడ్డంతా విన్నది.

"నాకు వెయ్యమని అడుగుత లేను. నీ వాటా ఇచ్చినవు, చాలు. గానీ ఓడిపోతే, నా చేతుల బలం లేక ఓడిపోయిన అనుకుంట. దేవుడు నాకు ఎదురు నిలబడి ఓడగొట్టిండు అని మాత్రం అనిపియ్యకు. శనివారం నేను ఆ గదికి రావాలె గదా."

 పావురాల రెక్కలు వినిపించాయి. చాప చివర కూర్చున్న మా దోస్తు నడుము పట్టుకుని లేచాడు. ఆయన అరవలేదు.

"నేను కూడ రావాలె గదా ఆ గదికి. దేవుడు షెడ్డుల ఉన్నోళ్ళకేనా? బస్సెక్కి పోయినోళ్ళకు లేడా?"

ఆ ఇద్దరి మధ్య నేను నిలబడి స్వామిని తలచుకున్నాను. యుద్ధానికి ముందు రెండువైపులవాళ్ళూ సాయం కోరి వస్తే, ఒకరికి సేనను, ఒకరికి తనను ఇచ్చిన స్వామి. ఆయనకు ఇవ్వడానికి రెండు ఉన్నాయి. నాకు చీటీ ఒక్కటే. నామం చెప్పుకున్నాను, మనసు లోపల ఏదైనా మాట వినిపిస్తుందేమో అని ఆగాను. ఏమీ వినిపించలేదు. ఒక మగ్గం మీద సగం నేసిన గుడ్డ అలాగే ఉంది. దాని మీద చీటీ పెట్టి బావ పేరు రాశాను.

ఎందుకు రాశాను? పని పోయేవాడి దుఃఖం పెద్దది, దుకాణం పోయేవాడిది చిన్నది అని తూచానా? అలా తూచడానికి నా దగ్గర తక్కెడ లేదు. అక్క మొహం చూశానా? చూశాను. అది స్వామి చేసిన పనా, తమ్ముడు చేసిన పనా? నిజం చెప్పాలంటే, రాస్తున్నప్పుడు నాకు రెండూ వేరువేరుగా కనిపించలేదు. వేరుగా కనిపించాల్సిందేమో.

బావ గెలిచాడు. "గోవిందా" అని ఎవరో మొదలుపెట్టారు గాని సగం గొంతులే కలిశాయి. అకౌంటెంట్ ఈసారి దాన్ని రాసుకోలేదు. సేఠ్ నా దగ్గరికి వచ్చి చేతులు జోడించి, "మీ స్వామి తీర్పు" అన్నాడు. ఎగతాళి లేదు ఆ మాటలో. మరుసటి నెల నుంచి దారం అరువు కాస్త తగ్గించాడు. అది కూడా వ్యాపారమే. సాంచాలు నడుస్తున్నాయి, మునుపటిలాగే, అప్పుడప్పుడు ఆగుతూ. కుర్చీలో కూర్చున్నాక బావ ఇంకా గట్టిగా మాట్లాడుతున్నాడు. ఈ ఏడు కూడా లాభం పంచేంత మిగల్లేదు.

మా దోస్తు గది ఖాళీ చేశాడు. అదే బస్టాండు ముందు బండి పెట్టుకున్నాడు. ఇడ్లీ అదే, కూర్చోవడానికి బెంచీ లేదు, అంతే అని ఆయన భార్య ఫోనులో మా ఇంటావిడతో అన్నదట.

శనివారాలు ఆయన రావడం మానేశాడు. మద్దెల గోడకు వేలాడేది. కొన్నాళ్ళు చూసి బావే దాన్ని దించి వాయించడం మొదలుపెట్టాడు. వినబడని మనిషి తాళం ఎలా పడతాడు? మేం ఒక వేగంతో పాడుతుంటే ఆయన షెడ్డు వేగంతో కొట్టేవాడు. ఎవరూ ఏమీ అనలేదు. డైరెక్టరు కదా అని కాదు; అనలేకపోయాం.

పోయిన శనివారం రెండో పాట నడుస్తుండగా మా దోస్తు గుమ్మంలో కనిపించాడు. కాసేపు చెప్పుల దగ్గరే నిలబడి విన్నాడు. మొహం చిట్లించాడు. తరువాత మనుషుల మధ్యనుంచి తోసుకుంటూ వచ్చి బావ ముందు చేతులు చాచాడు.

"ఇటియ్యి. తాళాన్ని సంపుతున్నవ్."

బావకు మాట వినిపించలేదు, చేతులు అర్థమయ్యాయి. ఇచ్చేశాడు. మా దోస్తు కూర్చుని, కట్టు బిగించి, మేం ఉన్నచోట మమ్మల్ని అందుకున్నాడు. ఆ రోజు భజన చాలా రోజుల తరువాత భజనలా ఉంది. అక్క కళ్ళు తుడుచుకుంది. అంతా సర్దుకుందని నేను అనుకున్నాను.

హారతి పళ్ళెం తిరిగి ఆయన దగ్గరికి వచ్చినప్పుడు, రెండు చేతులూ మంట మీద చూపి కళ్ళకు అద్దుకున్నాడు. తరువాత జేబులోంచి మడిచిన కాగితం తీసి పళ్ళెంలో, పూల పక్కన పెట్టాడు. అది ఆయన వాటా పత్రం.

"ఇది కూడ దేవుని పేరుమీద రాసుకో" అన్నాడు నాతో. "కొనేటోడు లేని సరుకు దేవునికే ఇస్తరు గదా."

కోపమా, భక్తియా, ఎగతాళా, అలసటా? మొహం చూస్తే ఏదీ పోల్చుకోలేకపోయాను. ఆయన మళ్ళీ మద్దెల దగ్గర కూర్చుని దాని మీద గుడ్డ కప్పుతున్నాడు. బావ పళ్ళెం వైపు చూసి, అందరికీ వినపడేలా, "ఏం కాయితం అది?" అని అడుగుతున్నాడు. ఇది పుచ్చుకుంటే వచ్చే ఎన్నికలో దేవుడి చేతిలో ఇంకో ఇంటి ఓటు ఉంటుంది, అది నా చేతిలో ఉంటుంది. తిరిగి ఇచ్చేస్తే దేవుడికి ఇచ్చినది కాదన్నవాణ్ణవుతాను.

వరసలో మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి హారతి తీసుకుంటున్నారు. కాగితానికి మంట తగలకుండా నేను అరచెయ్యి అడ్డం పెట్టి, పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను.